విడాకుల తర్వాత అకౌంట్లన్నిటిలో పేరు, మెయిల్ మార్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం అండి. పోయిన నెలలో మ్యూచువల్ కన్సెంట్ మీద, అంటే ఇద్దరి ఒప్పందంతో, మాకు కోర్టు నుంచి విడాకుల డిక్రీ వచ్చేసింది, ఎనిమిదేళ్ల పెళ్లి. గొడవలేం లేవు, ఎవరి దారిన వాళ్లం. మాది రాజమండ్రి, ఉద్యోగం వల్ల హైదరాబాద్‌లోనే ఉంటున్నాను, ఆరేళ్ల బాబు నా దగ్గరే ఉంటాడు.
ఇప్పుడు నా ఇబ్బంది ఏంటంటే పెళ్లయిన కొత్తలో ఎంతో ఇష్టంగా ఆయన ఇంటిపేరు కలిపి జీమెయిల్ ఓపెన్ చేశాను, ఇక ఆ రోజు నుంచి బ్యాంకు, కరెంటు బిల్లు, పీఎఫ్, బాబు స్కూలు, ఆన్‌లైన్ షాపింగ్ అన్నీ ఆ మెయిల్ మీదే. ఆధార్‌లో పేరు కూడా అప్పుడే మార్పించాను. అన్నిటికన్నా బాధ ఎక్కడంటే ఆధార్‌లో ఫోన్ నంబర్ ఆయనది, నేను వాడే సిమ్ కూడా ఆయన పేరు మీదే ఉంది. మొన్న అమ్మకి ఒంట్లో బాలేదంటే తత్కాల్‌లో టికెట్ తీద్దామని కూర్చున్నా, ఆధార్ ఓటీపీ అడిగింది, అది ఆయన ఫోన్‌కి వెళ్లింది. పది గంటల వేళ, టికెట్లు అయిపోతున్నాయి, ఫోన్ చేసి అడిగాను. ఆయన చెప్పారు, ఏమీ అనలేదు, కానీ ఫోన్ పెట్టేశాక ఎంతసేపు ఏడ్చానో నాకే తెలీదు. కోర్టులో సంతకం పెట్టినప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు.
ఈ పని ఇదివరకే చేసుకున్నవాళ్లు ఉంటే ఏది ముందు ఏది వెనక కాస్త చెప్పండి ప్లీజ్.

వరంగల్_వదిన:
చెల్లీ, నేను మూడేండ్ల కింద ఇదంత పడ్డ. నువ్వు పేరు పేరు అని పరేషాన్ అవుతున్నవ్ గని పేరు సంగతి తర్వాత, ముందుగాల నంబర్ సూడు. ఓటీపీ ఎవరి చేతికి పోతే తాళంచెవి వాళ్ల చేతిల ఉన్నట్టే. నేను ఉల్టా చేసిన, ముందు ఫేస్‌బుక్కుల పేరు మార్చుకున్న, ఇన్‌స్టాల మార్చుకున్న, మనసుకు హాయిగనే అనిపిచ్చింది, తీరా ఆధార్‌కు పోతే నంబర్ ఆయనది, బ్యాంకుకు పోతే నంబర్ ఆయనది, మా ఆయన నీ ఆయన లెక్క మంచిగ చెప్పెటోడు కాదు, ఓటీపీ కోసం మా అన్న పోయి బతిమిలాడి తెచ్చిండు రెండుసార్లు.
నీ పేరు మీద కొత్త సిమ్ తీస్కో. తీస్కొని సీదా ఆధార్ సెంటర్‌కు పో. నంబర్ మార్చనీకి ఏ కాగితం అడగరు, వేలిముద్ర పెడితే సాలు. ఇప్పుడు 75 రూపాయలు తీసుకుంటున్నరు. ఒక్కసారి పోయినప్పుడు నంబరు, పేరు, అడ్రస్ అన్నీ కలిపి చేపిచ్చుకున్నా అదే 75, విడివిడిగ పోతే మళ్ల మళ్ల కట్టాలె. డిక్రీ చేతిల ఉంది కాబట్టి అన్నీ ఒక్కపారే చేపిచ్చుకో.
ఇంకో ముచ్చట, ఆధార్‌ల పేరు జీవితంల రెండుసార్లే మార్చనిస్తరు. పెళ్లప్పుడు ఒకటి అయిపోయింది నీకు. ఇది రెండోది, ఆఖరిది. గందుకే సెంటర్‌ల ఆపరేటర్ టైప్ చేసినంక స్క్రీన్ నీ దిక్కు తిప్పమని చెప్పి అక్షరం అక్షరం సూస్కో, ఇంగ్లీషుల స్పెల్లింగు, తెలుగుల గూడ. మాకు తెల్సిన ఒక పిల్లకు ఇంటిపేరుల ఒక్క అక్షరం తప్పు పడితే అమీర్‌పేటల మైత్రీవనం పక్కన ఆధార్ రీజనల్ ఆఫీసు చుట్టు తిరిగింది పాపం.

గోదారి_గట్టు:
అక్కా, రెండుసార్లే అన్న సంగతి నాకు అస్సలు తెలీదు. నిన్న రాత్రి ఇంటిపేరు పూర్తిగా రాద్దామా ఒక్క పొడి అక్షరం చాలా అని ఆలోచిస్తూ కూర్చున్నా, ఇప్పుడు భయమేస్తోంది.

నల్లకోటు:
పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే పెట్టుకోండమ్మా, అక్షరం మార్చొద్దు. ముందు ముందు ఎవరు అడిగినా చూపించడానికి అదే గట్టి ఆధారం.
నేను ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను, రోజూ చూసేది చెప్తున్నా. డిక్రీ జెరాక్స్ పట్టుకుని తిరిగితే పని కాదు, కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో అప్లికేషన్ పెట్టి సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి, ఒకటి కాదు మూడు నాలుగు తీసుకోండి, పాస్‌పోర్టు వాళ్లు, బ్యాంకు వాళ్లు ఒకేసారి చూపించమంటారు. ఆధార్‌లో పేరు మార్చడానికి ఒప్పుకునే కాగితాల్లో విడాకుల డిక్రీ ఉంది, కాబట్టి గెజిట్ (పేరు మార్పుని ప్రభుత్వ పత్రికలో వేయించడం) కోసం పదివేలు ఇవ్వండి ఇరవైవేలు ఇవ్వండి అనే ఏజెంట్లని నమ్మొద్దు. అయితే ఒక మెలిక ఉంది, చాలా డిక్రీల్లో భార్య పేరు భర్త ఇంటిపేరుతోనే ఉంటుంది, పుట్టింటి ఇంటిపేరు ఎక్కడా కనపడదు, అప్పుడు డిక్రీ ఒక్కటి చూపిస్తే ఆఫీసువాళ్లకి రెండు పేర్లూ ఒకరివే అని అర్థం కాదు. పక్కన టెన్త్ మెమో పెట్టండి. కేసు ఇంకా నడుస్తున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీ లాయర్‌కి చెప్పి పిటిషన్‌లోనే ఎలియాస్ అని రెండు పేర్లూ రాయించుకోండి, తర్వాత సగం తిరుగుడు తప్పుతుంది.
అసలు పెళ్లయితే ఆడవాళ్లు ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు, విడాకులైతే వెనక్కి మార్చుకోవాలనీ చెప్పలేదు. కానీ కేసు తేలకముందే కేంద్ర గెజిట్ ద్వారా పుట్టింటి పేరుకి వెళ్లాలంటే భర్త ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) అయినా విడాకుల డిక్రీ అయినా పెట్టమంటున్నారు, దాని మీద 2024లో ఒకావిడ ఢిల్లీ హైకోర్టుకి కూడా వెళ్లారు. మీకు డిక్రీ వచ్చేసింది కాబట్టి ఆ బాధ లేదు.

మెయిల్‌పెట్టె:
గోదారి గారూ, మెయిల్ సంగతి నేను చెప్తాను, ఐటీలో పన్నెండేళ్ల నుంచి ఇదే పని. దయచేసి ఆవేశంలో పాత జీమెయిల్ డిలీట్ చెయ్యొద్దు. మా చుట్టాలమ్మాయి ఒక రాత్రి కోపంలో డిలీట్ చేసేసింది, పొద్దున్నే చూసుకుంటే మ్యూచువల్ ఫండ్ లాగిన్ లేదు, కాలేజీ సర్టిఫికెట్లు దాచుకున్న డ్రైవ్ లేదు, పిల్ల పుట్టినప్పటి ఫోటోలు లేవు.
ముందు పాత అకౌంట్‌నే గట్టి చేసుకోండి. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలోకి వెళ్లి రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ ఎవరివో చూడండి, ఆయనవి ఉంటే తీసేసి మీవి పెట్టండి, ఆ తర్వాతే పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే రికవరీ నంబర్ ఆయనది ఉండగా పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. ఏయే డివైజుల్లో లాగిన్ అయి ఉందో అక్కడే కనపడుతుంది, పాత ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్, టీవీ, ట్యాబ్ అన్నీ సైన్ అవుట్ చెయ్యండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ అనే చోట ఎవరి మెయిల్ అయినా పెట్టి ఉందేమో చూడండి, ఇది చాలామంది చూడరు, ఎప్పుడో హోమ్‌లోన్ అప్పుడు పెట్టుకున్న ఫార్వర్డింగ్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, ఫోటోస్‌లో పార్ట్‌నర్ షేరింగ్, వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ కూడా చూడండి. ఆయన చెడ్డవారని కాదండీ, తలుపు వేసుకోవడం మర్చిపోతే తలుపు తెరిచే ఉంటుంది కదా.
ఇక కొత్త అడ్రస్. మెయిల్‌లో అవతలివాళ్లకి కనపడే పేరు వేరు, అడ్రస్ వేరు. కనపడే పేరు ఈ నిమిషంలో మార్చుకోవచ్చు, సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అనే చోట సెండ్ మెయిల్ యాజ్ దగ్గర. అడ్రస్ మార్చడం జీమెయిల్‌లో ఇన్నాళ్లూ కుదిరేది కాదు, ఈ మధ్యే గూగుల్ ఆ వీలు కొద్దికొద్దిగా ఇస్తూ వస్తోంది, పర్సనల్ ఇన్ఫోలో ఈమెయిల్ నొక్కితే మార్చే ఆప్షన్ మీకు కనపడితే అదృష్టం, పాత అడ్రస్‌కి వచ్చేవి కూడా అందులోకే వస్తాయి. కనపడకపోతే కొత్తది ఓపెన్ చేసి పాతదాంట్లోంచి ఫార్వర్డ్ పెట్టుకోండి. కొత్తదాంట్లో ఈసారి ఏ ఇంటిపేరూ, కంపెనీ పేరూ పెట్టకండి, మీ పేరు, ఏదో ఒక అంకె చాలు. పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు.
ఏయే సైట్లలో పాత మెయిల్ ఇచ్చారో గుర్తుండదు కదా, పాత మెయిల్‌లో వెల్‌కమ్, వెరిఫై, ఓటీపీ, ఇన్వాయిస్ అని ఒక్కోటి వెతకండి, బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డుల లిస్టు తెరవండి, ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోండి. గూగుల్‌తో సైన్ ఇన్ అని నొక్కి లోపలికి వెళ్లిన సైట్లు ఉంటాయి చూడండి, వాటితో జాగ్రత్త, కొత్త మెయిల్‌తో వెళ్తే కొత్త అకౌంట్ తయారైపోతుంది, పాత ఆర్డర్లు, పాత డబ్బులు అందులో ఉండవు. ముందు పాతదాంతో లోపలికి వెళ్లి మామూలు పాస్‌వర్డ్ పెట్టుకుని అప్పుడు మెయిల్ మార్చాలి.
పాతది అలాగే ఉంచి నెలకోసారి తెరుస్తూ ఉండండి, రెండేళ్లు ముట్టుకోకపోతే గూగుల్ తీసేసే అవకాశం ఉంది.

పాత_కౌంటర్:
అమ్మా, నేను బ్యాంకులో ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. వరుస తప్పితే మనిషి కాళ్లరిగేలా తిరగాల్సి వస్తుంది, అందుకని చెప్తున్నా. ఆధార్, ఆ తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు. పాన్‌లో నంబరు మారదు, పేరు దిద్దించుకోవడమే, వంద రూపాయల చిల్లర అవుతుంది, కార్డు మీద ఉండేది తండ్రి పేరే కాబట్టి అక్కడ మార్చేదేం ఉండదు. మీరు పెళ్లయ్యాక పాన్‌లో పేరు మార్చుకున్నారో లేదో ఒకసారి చూసుకోండి, చాలామంది ఆడపిల్లలు మార్చుకోరు, అలా అయితే ఈ పని మీకు అసలు లేదు. బ్యాంకులో ఒక పేరు, పాన్‌లో ఒక పేరు ఉంటే ఇన్‌కమ్‌టాక్స్ సైట్‌లో బ్యాంకు అకౌంట్ వాలిడేట్ అవ్వదు, రిఫండ్ ఆగిపోతుంది.
బ్యాంకులో రెండు పనులు వేరువేరుగా చూడండి. ఫోన్ నంబర్ మార్పు రేపే వెళ్లి చేసుకోండి, దానికి పేరు మారేదాకా ఆగక్కర్లేదు. పేరు మార్పుకి డిక్రీ సర్టిఫైడ్ కాపీ, కొత్త ఆధార్, పాన్ పట్టుకెళ్లండి, కొత్త చెక్‌బుక్, కొత్త డెబిట్ కార్డు అడిగి తీసుకోండి, పాత చెక్కులు ఎవరికైనా ముందు తేదీ వేసి ఇచ్చి ఉంటే వాళ్లకి చెప్పండి. యూపీఐలో అవతలివాళ్లకి కనపడేది బ్యాంకులో ఉన్న పేరే, కాబట్టి బ్యాంకులో మారాకే అక్కడ మారుతుంది, ఫోన్‌పేలో గూగుల్‌పేలో ప్రొఫైల్ ఎంత మార్చినా ఉపయోగం లేదు.
మీరు అడగలేదు గానీ అసలు ముఖ్యమైంది నామినీ. విడాకులైతే నామినీ పేరు దానంతటదే పోదు. నా సర్వీసులోనే చూశాను, విడిపోయి పదేళ్లయింది, డిపాజిట్‌లో నామినీ మాత్రం మాజీ భర్తే, ఆవిడ పోయాక ఆవిడ తల్లి కౌంటర్ దగ్గర నిలబడి అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు. బ్యాంకు, ఎల్ఐసీ, మ్యూచువల్ ఫండ్లు, పీఎఫ్‌లో ఈ-నామినేషన్ అన్నీ చూడండి. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు అకౌంట్‌కి నలుగురు దాకా నామినీలని పెట్టుకోవచ్చు, అమ్మగారిని, బాబుని పెట్టుకోండి. జాయింట్ అకౌంట్ ఉంటే ఇద్దరూ కలిసి వెళ్లి క్లోజ్ చెయ్యండి, వాయిదా వెయ్యకండి.

గోదారి_గట్టు:
అంకుల్, మీరు చెప్పాక ఇప్పుడే తెరిచి చూశాను. మూడు చోట్లా ఆయనే నామినీ. పాన్ మాత్రం నా పెళ్లికి ముందు పేరుతోనే ఉందండీ, ఎనిమిదేళ్లుగా గమనించలేదు. ఆ కార్డు చూస్తుంటే నాన్నగారి పేరు, నా పాత సంతకం, ఏదో తెలిసినావిడని చూసినట్టు అనిపించింది.

పరిశోధక_విద్యార్థిని:
వేరే మాట చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. నేను విడాకులయ్యాక పేరు మార్చుకోలేదు. ఆయన మీద ప్రేమతో కాదు. పదకొండేళ్లుగా నా పేపర్లన్నీ ఆ పేరుతో వచ్చాయి, నన్ను ఆ పేరుతో పిలిచే వాళ్లే ఎక్కువ, ఆ పేరుని నేను సంపాదించుకున్నాను. మా పాపకీ నాకూ ఇంటిపేరు ఒకటే ఉండాలన్నది కూడా ఉంది. డిక్రీ రాగానే వెంటనే మార్చేయాలి అన్నట్టు ఇంట్లోవాళ్లు ఒత్తిడి చేశారు, మా అత్తయ్య అయితే ఇంకా ఆ పేరేంటే అని మొహం మీదే అంది. అది నా నిర్ణయం అని చెప్పేశాను.
మార్చుకోవాలనుకునే రీసెర్చ్ వాళ్లు ఎవరైనా ఉంటే ఓర్కిడ్ ఐడీ (పరిశోధకులకి ఉండే గుర్తింపు నంబరు) పెట్టుకోండి, పేరు మారినా ఆ 16 అంకెల నంబరు మారదు, పాత పేపర్లు కొత్త పేరు రెండూ ఒకేచోట కనపడతాయి. లింక్డిన్‌లో పాత పేరు కూడా చూపించుకునే వీలుంది, ఎవరికి కనపడాలో మనమే పెట్టుకోవచ్చు.

వరంగల్_వదిన:
నువ్వు చెప్పింది నిజమే బిడ్డా. ఎవరి పేరు వాళ్ల ఇష్టం. గని నంబరు మాత్రం ఎవ్వరైనా మార్చుకోవాల్సిందే, పేరు ఉంచుకున్నా సరే.

ఒంటరి_బాటసారి:
మగవాడిని, నేనూ రాయొచ్చు కదా. నాకు పేరు మార్చుకునే పని లేదు గానీ మిగతా అన్నీ ఉన్నాయి. ఆమె మెయిల్ నా ఫోన్‌లో లాగిన్ అయ్యే ఉంది, ఆరు నెలలు నేను గమనించలేదు, ఒకరోజు ఆమెకి వచ్చిన ఆస్పత్రి రిపోర్టు నోటిఫికేషన్ నా ఫోన్‌లో మోగింది. తెరవలేదు. వెంటనే ఫోన్ చేసి చెప్పి, ఆమె లైన్‌లో ఉండగానే అకౌంట్ తీసేశాను. మగవాళ్లు ఎవరైనా చదువుతుంటే మీ అంతట మీరే చూసి తీసేయండి, వాళ్లు వచ్చి అడిగేదాకా ఆగొద్దు. సిమ్ మీ పేరు మీద ఉంటే ఆమెతో పాటు స్టోర్‌కి వెళ్లి ఓనర్‌షిప్ మార్చి ఇవ్వండి, ఇద్దరి కేవైసీ (గుర్తింపు కాగితాలు) అడుగుతారు, ఒక పూట పని. టెలికాం శాఖవాళ్ల సంచార్ సాథీ సైట్‌లో మన పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో కనపడుతుంది.
ఇంకోటి, ఫేస్‌బుక్‌లో రిలేషన్‌షిప్ స్టేటస్ తీసేముందు అది ఓన్లీ మీ, అంటే నాకు మాత్రమే కనపడాలి, అని పెట్టుకుని అప్పుడు తీయండి. నేను అలా చెయ్యలేదు, అది అందరికీ కనపడింది, మా చిన్నాన్న కొడుకు దుబాయ్ నుంచి అర్ధరాత్రి ఫోన్ చేసి ఏమైందిరా అన్నాడు, అప్పటికి అమ్మకి కూడా చెప్పలేదు నేను. పేరు మార్చుకునేవాళ్లు కూడా చూసుకోండి, ఫేస్‌బుక్‌లో ఒకసారి మారిస్తే మళ్లీ 60 రోజులు మార్చనివ్వదు. మెమరీస్‌లో ఫలానా మనిషి కనపడొద్దు అని పెట్టుకోవచ్చు, గూగుల్ ఫోటోస్‌లో కూడా అంతే. ఫోటోలు డిలీట్ చెయ్యకుండానే అవి ఉదయాన్నే మన ముందుకి రాకుండా ఆపుకోవచ్చు. నాకు ఆ ఒక్క సెట్టింగ్ ఎంతో మేలు చేసింది.

నల్లకోటు:
బాటసారి గారు చేసింది చాలా మంచి పని. ఇంకొకరి పాస్‌వర్డ్‌తో దురుద్దేశంతో లోపలికి వెళ్తే ఐటీ చట్టం 66-సి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. భార్యాభర్తలు కదా అన్న మినహాయింపు లేదు. ఎవరికైనా అలా జరుగుతుంటే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఆడవాళ్లకి బెదిరింపులు కూడా ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181.

డాలస్_అమ్మాయి:
అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల కోసం రెండు ముక్కలు. ఇక్కడ విడాకులు తీసుకుంటే డిక్రీలోనే పాత పేరు తిరిగి ఇస్తున్నట్టు రాయమని జడ్జిని అడగాలి, లాయర్‌కి ముందే చెప్పాలి, మర్చిపోతే పేరు మార్పుకి మళ్లీ వేరే పిటిషన్ వెయ్యాల్సి రావచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు ముందు ఇండియన్ పాస్‌పోర్టు సంగతి చూసుకోండి, అది రీ-ఇష్యూ అవుతుంది, పాత పాస్‌పోర్టులో ఉన్న వీసా మామూలుగా పనికొస్తుంది, ప్రయాణంలో రెండూ పట్టుకెళ్లాలి, డిక్రీ కాపీ కూడా. సోషల్ సెక్యూరిటీలో ఎస్ఎస్-5 ఫారం, నంబరు అదే ఉంటుంది. నేను పాస్‌పోర్టు వదిలేసి లైసెన్సు ముందు మార్చాను, విమానం టికెట్ ఒక పేరుతో, చేతిలో కార్డు ఇంకో పేరుతో ఎయిర్‌పోర్టులో గంట నిలబడ్డాను.

కొబ్బరాకు_బూర:
గోదారి గారూ, బాబు అన్నారు కదా, ఆ వైపు ఎవరూ రాయలేదు. నాకు ఇద్దరు పిల్లలు. బాబు ఆధార్‌లో ఎవరి నంబర్ ఉందో చూడండి, ఐదేళ్లు దాటాక వేలిముద్రలు, కళ్లు అప్‌డేట్ చేయించాలి, అది అయిందా? అవ్వకపోతే ఆ పనికి వెళ్లినప్పుడే నంబరూ మార్పించండి. స్కూల్ యాప్‌లో ఫీజు మెసేజ్‌లు, బస్సు మెసేజ్‌లు ఎవరికి వెళ్తున్నాయో అడగండి, మా స్కూల్లో అయితే బస్సు ఆలస్యమైందని మెసేజ్ ఆయనకి వెళ్లేది, నేను వానలో గేటు దగ్గర నిలబడేదాన్ని. ఇద్దరి నంబర్లూ పెట్టమంటే పెడతారు, తండ్రి నంబర్ తీసేయమని మాత్రం నేను అడగలేదు, పిల్లల సంగతి ఆయనకీ తెలియాలి. బాబు ట్యాబ్ ఫ్యామిలీ లింక్‌లో (పిల్లల ఫోన్ల మీద పెద్దలు కన్నేసి ఉంచే గూగుల్ యాప్) ఉంటే పేరెంట్‌గా మీరు ఉన్నారో లేదో చూసుకోండి. గూగుల్ ఫ్యామిలీ గ్రూపు ఆయనది అయితే తొందరపడి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారకండి, ఏడాదికి ఒకసారే మారనిస్తారు.

గోదారి_గట్టు (మూడు వారాల తర్వాత):
అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. కొత్త సిమ్ నా పేరు మీద తీసుకున్నాను. ఆధార్ సెంటర్‌లో వదినక్క చెప్పినట్టే స్క్రీన్ తిప్పమన్నాను, ఆపరేటర్ కాస్త విసుక్కున్నాడు, అయినా నిలబడి చదివాను, తెలుగులో ఒక ఒత్తు తప్పు ఉంది, దిద్దాడు. కేరాఫ్ దగ్గర అమ్మ పేరు పెట్టించాను. నంబరు నాలుగు రోజుల్లో అప్‌డేట్ అయింది, పేరు మొన్న వచ్చింది. ఒక బ్యాంకులో మాత్రం డిక్రీ ఉన్నా సరే మీ హస్బెండ్‌ని ఒకసారి తీసుకురండి అన్నారు, అలా ఎక్కడ రాసి ఉందో కాగితం మీద రాసివ్వండి అని అడిగాను, మేనేజర్ బయటికి వచ్చి ఫారం తీసుకున్నారు. నామినీలు మూడు చోట్లా మార్చాను. కొత్త మెయిల్ తెరిచాను, నోట్‌బుక్‌లో 64 సైట్లు లెక్క తేలాయి, 41 అయ్యాయి, రాత్రి బాబు పడుకున్నాక రోజూ రెండు మూడు చేస్తున్నాను.
నిన్న అమ్మ దగ్గరికి వెళ్లడానికి తత్కాల్ తీశాను. ఓటీపీ నా ఫోన్‌లోనే మోగింది. అమ్మకి ఫోన్ చేసి ఎస్-4లో సైడ్ లోయర్ దొరికింది అని చెప్పాను, ఇంకేం చెప్పలేదు.
ఒక్క సందేహం, పాత సిమ్ ఆయనకి ఇచ్చేయనా?

మెయిల్‌పెట్టె:
ఆ 64 పూర్తయ్యేదాకా ఇవ్వకండి. ఇంకో రెండు నెలలు చిన్న రీఛార్జ్ వేసి ఏ పాత ఫోన్‌లోనో పెట్టి ఉంచండి, ఏ మెసేజ్ వచ్చినా ఆ సైట్ పేరు నోట్‌బుక్‌లో రాసుకోండి, మనం మర్చిపోయినవి అలాగే బయటపడతాయి. వాడకం లేకుండా 90 రోజులు దాటితే నంబర్ వేరేవాళ్లకి వెళ్లే అవకాశం ఉంది, కాబట్టి వాట్సాప్‌లో చేంజ్ నంబర్ మాత్రం ఇవాళే చేసెయ్యండి.

గోదారి_గట్టు:
చేసేశానండీ ఇప్పుడే. 42.